మెడికల్ షాపు ఫెయిర్‌నెస్ ట్యూబు: లోపల ఏముంది, మొహానికీ మనసుకీ ఏం చేస్తుంది

భీమవరం, పాలకొల్లు, అమలాపురం, రాజోలు, రావులపాలెం. ఊరేదైనా మందుల షాపు కౌంటరు దగ్గర నిలబడి "మొహానికి ఏదైనా మంచి క్రీము ఇవ్వండి" అని అడిగితే చాలాసార్లు చేతికొచ్చేది ఒకే రకం ట్యూబు. 15 గ్రాములో 20 గ్రాములో పట్టే చిన్న ట్యూబు. కంపెనీలు బోలెడు, పేర్లు బోలెడు, లోపలి సరుకు మాత్రం ఒకటే: హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినాయిన్ 0.025 శాతం, మోమెటాసోన్ ఫ్యూరోయేట్ 0.1 శాతం. ఈ సమీక్ష ఫలానా కంపెనీ గురించి కాదు, ఆ మూడు మందుల కలయిక గురించి. దాన్ని చీటీ అడక్కుండా అమ్మే పద్ధతి గురించి కూడా.

ముందే చెప్పేస్తే మంచిది. మంగు మచ్చలకి చర్మవ్యాధుల డాక్టరు రాసి, ఇన్ని వారాలని లెక్క చెప్పి వాడిస్తే ఇది మంచి మందు, 5కి 4 మార్కులు ఇవ్వొచ్చు. పెళ్లిచూపుల ముందు రంగు తేలాలని సొంతంగా కొనుక్కుని మొహమంతా పూసుకునే వస్తువుగా చూస్తే సున్నా. అది చేసే చెడులో సగం చర్మానికి, సగం ఆ అమ్మాయికి తన మొహం మీద ఉండే నమ్మకానికి. మొదటి సగం పెట్టెలోని కాగితం మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. రెండో సగం గురించి ఎక్కడా ఉండదు. అందుకే ఇక్కడ దాని గురించే ఎక్కువ చెబుతున్నాం.

మూడు మందుల్లో ఏది ఏం చేస్తుందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. హైడ్రోక్వినోన్ చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారయ్యే పనికి అడ్డుపడుతుంది. ట్రెటినాయిన్ విటమిన్ ఎ జాతిది. పై పొర కణాలు త్వరగా రాలిపోయేలా చేస్తుంది, మిగతా రెండు మందులు లోపలికి దిగడానికి దారి ఇస్తుంది. ఈ రెండూ మంట పుట్టిస్తాయి కాబట్టి ఆ మంటను అణచడానికి మూడోదాన్ని, అంటే మోమెటాసోన్ అనే స్టెరాయిడ్‌ని కలిపారు. ఈ రకం కలయికను మొదట 1975లో అమెరికా చర్మ వైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ ప్రచురించాడు. అందులో స్టెరాయిడ్ డెక్సామెథాసోన్. అమెరికాలో 2002లో అనుమతి పొందిన రకంలో మోమెటాసోన్ కంటే మృదువైన స్టెరాయిడ్ వాడారు. అయినా ఒక విడతకి 8 వారాలకి మించొద్దని, మొహం మీది మంగు మచ్చలకి మాత్రమేనని షరతు పెట్టారు. ఒంటి రంగు మార్చడానికి దీన్ని ఎవరూ తయారు చెయ్యలేదు. ఈ మాట షాపు కౌంటరు దగ్గర వినపడదు.

ఇప్పుడు మొదటి వారం సంగతి. ట్యూబు రాసిన మూడు నాలుగు రోజులకే మొహం తేలికపడినట్టు, నునుపెక్కినట్టు కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు గమనిస్తారు, పక్కింటి పిన్నిగారు "ఏం వాడుతున్నావే, మొహం కళ తిరిగిందే" అంటుంది. నిజానికి అప్పటికి మెలనిన్ రవ్వంత కూడా తగ్గి ఉండదు. హైడ్రోక్వినోన్ పని కంటికి కనపడాలంటే కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో వచ్చిన తెలుపు స్టెరాయిడ్ పని. అది చర్మం కింది సన్న రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. నెత్తురు తగ్గితే మొహం పాలిపోతుంది. ఆ పాలిపోవడాన్నే అందరూ రంగు తేలడం అనుకుంటారు. ఉన్న చిన్న చిన్న మొటిమలూ ఎర్రదనమూ అణగిపోతాయి కాబట్టి నునుపు కూడా వస్తుంది.

పైగా మొహం అన్ని చోట్లా ఒకేలా మందు పీల్చుకోదు. ముంజేయి ఒక పాలు పీల్చుకునే చోట నుదురు 6 పాళ్లు, దవడ 13 పాళ్లు పీల్చుకుంటాయని 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు హైడ్రోకార్టిసోన్‌తో కొలిచి చూపించారు. చేతి మీది ఎగ్జిమాకి (దురద పెట్టి పొట్టు రేగే జబ్బు) నెల రోజులు వాడినా పెద్దగా ఏమీ చెయ్యని స్టెరాయిడ్ దవడ దగ్గర ఎందుకంత త్వరగా చెడు చేస్తుందో ఆ లెక్కే చెబుతుంది. మా అత్తకి చేతి మీద రాస్తే ఏం కాలేదు, నాకేమవుతుంది అనే వాదన అందుకే నిలబడదు.

రెండో నెల, మూడో నెల దాటాక అసలు నష్టం మొదలవుతుంది. కిటికీ వెలుగులో బుగ్గని దగ్గరగా చూడండి. ముక్కు పక్కల నుంచి బుగ్గ ఎముక దాకా దారపు పోగుల్లాంటి ఎర్ర నరాలు బయటపడి ఉంటాయి. చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది, గోరు తగిలితే గీరుకుపోతుంది. పైపెదవి మీద, చెవి ముందు, దవడ అంచున నూగు ముదిరి వెంట్రుకలవుతుంది. గడ్డం చుట్టూ, నోటి చుట్టూ అన్నీ ఒకే సైజులో సన్న ఎర్ర పొక్కులు లేస్తాయి. వయసు మొటిమలైతే చిన్నా పెద్దా కలిసి, బ్లాక్‌హెడ్లు, వైట్‌హెడ్లు కలిసి వస్తాయి. స్టెరాయిడ్ మొటిమలన్నీ ఒక్క తీరున ఉంటాయి. పొయ్యి దగ్గర నిలబడితే మంట, పోపు ఘాటుకి మంట, పదకొండింటి ఎండలో వీధి చివరికి వెళ్లొచ్చినా మంట. మొహం మీద తామర ఉన్న మనిషి పూస్తే దాని గుండ్రటి అంచు చెరిగిపోయి, ఏ జబ్బో డాక్టరుకి కూడా ఒక పట్టాన అంతుచిక్కని రూపంలో పాకుతుంది. మన దేశపు చర్మవైద్యులు ఈ స్థితిని స్టెరాయిడ్ వల్ల పాడైన మొహంగా, ఒక ప్రత్యేక జబ్బుగా గుర్తించి పదిహేనేళ్లు దాటింది. హైడ్రోక్వినోన్ వైపు నుంచి ఇంకో ప్రమాదం ఉంది. నెలలు కాదు, ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బుగ్గ ఎముకల మీద బూడిద కలిసిన నీలి నలుపు మచ్చలు దిగుతాయి. ఏ నలుపు పోవాలని పూశారో అంతకంటే మొండి నలుపు అది, ఒకసారి దిగితే పోవడం చాలా కష్టం.

ఇంతకంటే ముఖ్యమైన ఘట్టం ట్యూబు ఆపినప్పుడు వస్తుంది. ఆపిన కొద్ది రోజుల నుంచి రెండు వారాల లోపు ముడుచుకున్న నాళాలన్నీ ఒక్కసారిగా విచ్చుకుంటాయి. మొహం ఎర్రగా కందిపోతుంది, ఉబ్బుతుంది, చుర్రుమంటుంది, పొక్కులు రెట్టింపవుతాయి, ఆ వాపు తగ్గిన చోటల్లా మచ్చ నల్లబడుతుంది. అద్దంలో చూసుకున్న అమ్మాయికి తట్టే మాట ఒక్కటే: "మానేసేసరికి నా అసలు మొహం బయటపడింది." అది పచ్చి అబద్ధం. అది ఆమె అసలు మొహం కాదు, మందు ఎదురుతన్నడం. ట్యూబు మొదలుపెట్టక ముందు ఆమె మొహం ఎప్పుడూ అలా లేదు. కానీ ఆ సంగతి చెప్పేవాళ్లు పక్కన లేకపోతే ఆ సాయంత్రమే ఇంకో ట్యూబు వస్తుంది, రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, మందు లేకపోతే నేను బాగుండను అనే నమ్మకం గట్టిపడుతుంది. చర్మానికి పట్టే అలవాటు, మనసుకి పట్టే అలవాటు ఇక్కడ ఒకదాన్నొకటి మోస్తాయి.

మనుషులు తమ విలువని ఎదుటివాళ్లతో పోల్చుకుని తూచుకుంటారని మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్ 1954లో సిద్ధాంతం చేశాడు. ఒకప్పుడు ఆ పోలిక మేనత్త కూతురితోనో, క్లాసులో పక్క బెంచీ అమ్మాయితోనో. తర్వాత సినిమా పోస్టరుతో, టీవీ ప్రకటనతో. ఇప్పుడు ఫోనులోని సొంత మొహంతోనే. చాలా ఫోన్ల ముందు కెమెరా అడక్కుండానే చర్మాన్ని నున్నగా చేసి, ఒక వన్నె తెల్లగా చూపిస్తుంది. దానికి ట్యూబు మూడో వారంలో దిగిన ఫోటో తోడవుతుంది. ఆ ఒక్క ఫోటో ఇక కొలబద్ద. ఆరు నెలల తర్వాత నరాలు తేలిన మొహంతో అద్దం ముందు నిలబడి ఆ ఫోటోనే చూసుకుంటారు. పక్కింటి అమ్మాయితో పోల్చుకుంటే కనీసం ఆమె నిజం మనిషి. మూడో వారం ఫోటోలోని మనిషి ఎప్పుడూ లేదు. మందు ఒక పదిహేను రోజులు చూపించిన రూపం అది. దాన్ని తిరిగి తెచ్చుకోవాలనే తపన ఎంత పెరిగితే ఉన్న మొహం మీద అంత అసహ్యం పెరుగుతుంది. ఫంక్షన్లకి రావడం మానేయడం, గ్రూపు ఫోటోలో వెనక్కి జరగడం, కాలేజీకి మాస్కు వేసుకునే వెళ్లడం, ఇవన్నీ ఇక్కడ మొదలవుతాయి. మొహానికి బాగా దగ్గరగా ఫోను పెట్టి తీసిన సెల్ఫీ ముక్కుని నిజం కంటే పెద్దదిగా చూపిస్తుందని, అడుగు దూరంలో తీస్తే ముక్కు వెడల్పు దాదాపు 30 శాతం ఎక్కువ కనిపిస్తుందని లెక్క కట్టి మరీ చెప్పారు. కాబట్టి ఆ కొలబద్ద రెండు వైపులా తప్పుడుదే.

నిజమైన కొలబద్ద ప్రతివాళ్ల ఒంటి మీదా ఉంది. పొద్దున ఎనిమిది తొమ్మిది గంటల మధ్య, ట్యూబులైటు ఆర్పేసి, ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర కూర్చోండి. మొహానికి పౌడరు, క్రీము ఏమీ ఉండకూడదు. చెయ్యి పైకెత్తి చంక కిందగా భుజం లోపలి వైపు చర్మాన్ని బుగ్గ పక్కన పెట్టి, ఇంకొకరిని చూడమనండి. ఆ లోపలి చర్మం రంగే పుట్టుకతో వచ్చిన రంగు. దానికీ బుగ్గకీ ఉన్న తేడా ఎండ తెచ్చినది. ఏ నిజాయితీ గల క్రీమైనా, ఎంత ఖరీదైనదైనా, తగ్గించగలిగేది ఆ తేడాని మాత్రమే. పుట్టుక రంగుకంటే తెల్లబడడం ఆరోగ్యంగా ఉన్న చర్మానికి సాధ్యం కాదు. రంగు కణాల సంఖ్య నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ ఇంచుమించు ఒకటే. తేడా ఆ కణాలు తయారుచేసే మెలనిన్ రేణువుల సైజులో, అవి పరుచుకునే తీరులో ఉంది, అది తల్లిదండ్రుల నుంచి వచ్చేది. ఊడ్పులకి, కలుపుకి వెళ్లే ఆడవాళ్లకి, రొయ్యల చెరువు గట్ల మీద పనిచేసేవాళ్లకి, రోజూ బండి మీద తణుకో తాడేపల్లిగూడెమో వెళ్లొచ్చే ఉద్యోగులకి ఈ తేడా ఎక్కువ కనిపిస్తుంది. నరసాపురం వైపు ఇంటి అరుగు మీద లేసు అల్లుకునేవాళ్లకి తక్కువ. ఇందులో అందం ఎక్కడా లేదు, ఎండలో గడిచిన గంటల లెక్క మాత్రమే ఉంది.

ప్రకటనల వైపు కొంత మార్పు వచ్చిందని ఒప్పుకోవాలి. నల్లగా ఉన్నవాళ్లని దిగులుగా, ఓడిపోయినట్టు చూపించకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో నియమం పెట్టింది. ఫెయిర్ అండ్ లవ్లీ పెట్టె మీద ఉండే రెండు మొహాల బొమ్మని, రంగుల పట్టీని 2019లో తీసేశారు, 2020లో పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. చెన్నైలో కవితా ఇమ్మాన్యుయేల్ 2009లో మొదలుపెట్టి, 2013లో నటి నందితా దాస్ గొంతు కలిపిన నలుపే అందం ప్రచారం ఆ మార్పుకి ఊపునిచ్చింది. మన వైపు వాట్సాప్‌లో తిరిగే పెళ్లి బయోడేటాల్లో మాత్రం ఎత్తు పక్కన "రంగు" అనే గడి ఇంకా ఉంది. పెళ్లిళ్ల పేరయ్యలు "అమ్మాయి అన్నిట్లోనూ బాగుంది గానీ రంగు కాస్త తక్కువండి" అనడం మానలేదు, ఆ తక్కువని కట్నంలో సర్దమనడమూ మానలేదు. ఏ మండలీ ఆ మాటని ఆపలేదు. బయోడేటా రాసేది తండ్రో మేనమామో, ఆ గడి కొట్టెయ్యడం వాళ్ల చేతిలో పని. స్టూడియోలో ఫోటో దిగితే రంగు పెంచకుండా ఇవ్వమని ముందే చెప్పాలి. తెల్లబరిచిన ఫోటో పంపిస్తే పెళ్లిచూపుల నాటికి ఆ రంగు చూపించాలన్న భయం పట్టుకుంటుంది. ఆ భయమే ట్యూబు కొనిపిస్తుంది.

ఇక షాపుల సేవ గురించి. చర్మానికి రాసే స్టెరాయిడ్లు 2018 నుంచి షెడ్యూల్ హెచ్‌లో ఉన్నాయి, అంటే రిజిస్టర్డ్ డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. ట్యూబు మీద ఎర్ర గీత, ఆర్‌ఎక్స్ గుర్తు ఉంటే ఆ కోవకి చెందినదే. మంచి షాపు చీటీ అడుగుతుంది, ఎన్ని వారాలు రాశారో చూస్తుంది, బిల్లు ఇస్తుంది, గర్భంతో ఉన్నారేమో అడుగుతుంది. అలా అడిగే ఫార్మసిస్టులు మన గోదావరి డెల్టాలో ఉన్నారు, వాళ్ల దగ్గరే కొనాలి. చీటీ మాట లేకుండా "రాత్రిపూట రాయండమ్మా, పొద్దున కడిగేయండి" అని ట్యూబు చేతిలో పెట్టే షాపుకి ఈ విషయంలో మార్కులు వెయ్యలేం. ఊళ్లో ఆర్‌ఎంపీ చీటీ మీద రాసిచ్చినా అది చెల్లే చీటీ కాదు.

ట్యూబు తిప్పి వెనక చిన్న అక్షరాలు చదవడం అలవాటు చేసుకుంటే సగం ప్రమాదం తప్పుతుంది. బీటామెథాసోన్, మోమెటాసోన్, బెక్లోమెథాసోన్, ఫ్లూసినోలోన్, క్లోబెటాసోల్. పేరు చివర సోన్, లోన్, బెటాసోల్ అని వస్తే అది స్టెరాయిడ్ అని అనుమానించాలి. వీటిలో క్లోబెటాసోల్ 0.05 శాతం అన్నిటికంటే గట్టిది. గజ్జి తామర ట్యూబుల్లో ఫంగస్ మందుతో, యాంటీబయాటిక్‌తో కలిపి ఇదే ఉంటుంది, దాన్ని కూడా మొహానికి పూసేవాళ్లున్నారు. గ్లో, వైట్, స్కిన్ అని పేరు ఎంత ముద్దుగా ఉన్నా లోపలి పేరే లెక్క.

ట్యూబుకంటే ప్రమాదమైన సరుకు ఇంకొకటి ఉంది. పేరు లేని తెల్ల డబ్బా, లేదా అర్థం కాని భాషలో అచ్చైన డబ్బా. పార్లర్లలో నైట్ క్రీమని, గల్ఫ్ నుంచి వచ్చిన చుట్టాల పెట్టెలో బహుమతి అని చేతికొస్తుంది. వీటిలో కొన్నిట్లో పాదరసం ఉంటుంది. పాదరసం కూడా మెలనిన్ తయారీని ఆపేదే, కానీ చర్మం గుండా నెత్తురులోకి పోయి కిడ్నీల్లో చేరుతుంది. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్ డాక్టర్లు మూత్రంలో ప్రొటీన్ పోయే ఒక అరుదైన కిడ్నీ జబ్బు వరసగా కనిపిస్తుంటే ఆరా తీశారు. అలాంటి 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడినట్టు చెప్పారు. సౌందర్య సాధనాల్లో పాదరసం పది లక్షల పాళ్లలో ఒక పాలుకి మించకూడదని మన 2020 నాటి రూల్స్ చెబుతున్నాయి, కంటి చుట్టూ వాడే సరుకుకి మాత్రం వేరే పరిమితి ఉంది. కానీ లేబులే లేని డబ్బాకి ఏ రూలు వర్తింపజేస్తాం? తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బయటి సరుకైతే దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు లేనిది ఇంట్లోకి రానివ్వొద్దు. కాలోమెల్, మెర్క్యురిక్, మెర్క్యురీ అనే మాటలుంటే వద్దు. బంగారం, వెండి, అల్యూమినియం వస్తువులకి తగలనివ్వొద్దని రాసి ఉంటే తప్పకుండా వద్దు, ఆ హెచ్చరిక పాదరసానికే సరిపోతుంది. ఇప్పటికే వాడుతుంటే ఈ రోజే ఆపేసి, డబ్బాని మూత బిగించి జిప్ కవర్లో పెట్టి డాక్టరుకి చూపించండి. మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చవకైనది, వెంటనే చేయించుకోవచ్చు. పాదాలు, కళ్ల కింద వాపు, మూత్రంలో నురగ కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. తువ్వాళ్లు, దిండు గలేబులు వేరు చెయ్యాలి, ఆ మొహాన్ని బుగ్గకి ఆనించుకునే పసిపిల్లలకి కూడా పాదరసం అంటుతుంది. డబ్బాని మంటలో వెయ్యకూడదు, ఆవిరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాలవలో అసలే వెయ్యకూడదు, ఆ నీళ్లే దిగువ ఊళ్లు తాగుతాయి, చేపలు పెరుగుతాయి.

ఇప్పుడు ట్యూబు మీద ఉండి, మానాలనుకుంటున్నవాళ్లకి. ఒకటి రెండు వారాలు వాడినవాళ్లు ఆపేస్తే పెద్దగా ఇబ్బంది ఉండదు. నెలలు దాటినవాళ్లు చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి ఖాళీ ట్యూబులతో సహా వెళ్లాలి. ప్రైవేటు ఖర్చు భరించలేకపోతే కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. ఎన్ని నెలలు, రోజుకి ఎన్నిసార్లు, ఎంత ప్రాంతానికి పూశారో రాసుకుని వెళితే వైద్యం తేలికవుతుంది. 15 గ్రాముల ట్యూబు రెండు మూడు వారాలకే అయిపోతోందంటే మొహమంతా పూస్తున్నట్టే. డాక్టరు కొందరికి ఒక్కసారిగా ఆపిస్తారు, కొందరికి బలం తక్కువ స్టెరాయిడ్‌కి మార్చి మెల్లగా దింపుతారు. స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ అనే పూత మందు, అవసరమైతే కొన్ని వారాలు నోటి మాత్రలు ఇస్తారు. గర్భం ఉన్నా, పాలిస్తున్నా ముందే చెప్పాలి. గర్భిణుల్లో, బాలింతల్లో మంగు ఎక్కువ కాబట్టి ట్యూబు వాళ్లకే ఎక్కువ చేరుతుంది, గర్భంలో ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్ రెండూ వాడకూడదు.

ఇంటి దగ్గర చెయ్యాల్సింది కొంచెమే. సువాసన లేని మామూలు మాయిశ్చరైజరు రోజుకి మూడు నాలుగుసార్లు. మంట ఎక్కువైతే చల్లటి నీళ్లలో ముంచి పిండిన మెత్తటి గుడ్డ పది నిమిషాలు. సబ్బు బదులు నురగ తక్కువ ఫేస్‌వాష్. బ్లీచింగు, ఫేషియల్, స్క్రబ్బు, ఆవిరి, నిమ్మరసం, సోడా ఏవీ వద్దు. నలుగు కూడా ఆ కొన్ని నెలలు మొహానికి పెట్టొద్దు, పెళ్లి పీటల మీదైనా సరే చేతులకీ కాళ్లకీ పెట్టి ఊరుకోమనాలి. బ్లీచు తెల్లబరిచేది చాలావరకు నూగు వెంట్రుకల్నే. పలచబడిన చర్మం మీద అది కాల్చేస్తుంది. కోలుకోవడానికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పడుతుంది, ఏళ్లు వాడినవాళ్లకి ఇంకా ఎక్కువ. మధ్యలో ఒక పెళ్లి వస్తుంది, ఒక పండగ వస్తుంది, ఒక్క రాత్రికి పూసుకుంటే ఏమవుతుందనిపిస్తుంది. ఆ ఒక్క రాత్రితో కథ మళ్లీ మొదటికొస్తుంది.

మనసు సంగతి కూడా అంత కచ్చితంగానే చూసుకోవాలి. ఆపే ముందే ఇంట్లోవాళ్లకి చెప్పండి: "ఇంకో రెండు మూడు నెలలు నా మొహం ఎర్రగా ఉంటుంది, ఇది మందు దిగడం, దీని గురించి నన్ను అడగొద్దు, చుట్టాల్ని అడగనివ్వొద్దు." ఈ మాట అమ్మ నోట వస్తే ఇంకా బలం. మూడో వారం ఫోటో ఫోన్లోంచి తీసెయ్యండి. ముందు కెమెరాలో బ్యూటీ మోడ్ ఆపెయ్యండి. గంటకోసారి అద్దం చూసుకోవడం బదులు వారానికి ఒక్కసారి, అదే కిటికీ, అదే వేళ, చేతికి అందేంత దూరంలో వెనక కెమెరాతో ఒక ఫోటో తీయించుకోండి. రోజూ చూస్తే మార్పు తెలీదు, నిరాశ ఒక్కటే పెరుగుతుంది. ఆరో వారం ఫోటోని మొదటి వారం ఫోటో పక్కన పెడితే తెలుస్తుంది. అంతటితో ఆగక, రోజులో గంటల తరబడి మొహం గురించే ఆలోచన, బయటికి రావడానికి నిరాకరించడం, బతకాలని లేదనడం కనిపిస్తే అది చర్మం డాక్టరు ఒక్కరితో తీరేది కాదు. టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు.

నిజంగా మంగు ఉండి డాక్టరు ఈ మందే రాస్తే దాన్ని సరిగ్గా వాడే పద్ధతి వేరు. రాత్రి మొహం కడిగి, పూర్తిగా ఆరాక, శనగగింజంత తీసుకుని మచ్చ మీద మాత్రమే పలచగా రాయాలి. కంటి రెప్పలు, ముక్కు మూలలు, పెదవి అంచులు వదిలెయ్యాలి. 8 వారాల లోపు డాక్టరుకి చూపించాలి. పగలు సన్‌స్క్రీన్ లేకపోతే రాత్రి రాసింది వృథా. మంగుని కంటికి కనిపించే వెలుగు కూడా పెంచుతుంది, అందుకే ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేత గోధుమ రంగు సన్‌స్క్రీన్ మేలు. చూపుడువేలు, నడిమివేలు పొడవునా రెండు గీతలు తీసుకుంటే మొహానికీ మెడకీ సరిపోతుంది, బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ. మన ఉక్కపోతకి క్రీముకంటే జెల్ నిలుస్తుంది. చేలో, చెరువు గట్టు మీద చెమటకి ఏ సన్‌స్క్రీనూ నిలవదు. వాళ్లకి వెడల్పు అంచు టోపీ, దగ్గర నేత ముదురు రంగు తువ్వాలే ఎక్కువ పనిచేస్తాయి. వేడి కూడా మంగుకి మంచిది కాదు కాబట్టి కట్టెల పొయ్యి దగ్గర మొహం పెట్టి ఊదడం తగ్గించాలి. ట్యూబులో క్రీము గోధుమరంగుకి తిరిగితే హైడ్రోక్వినోన్ చెడిపోయినట్టు, పారెయ్యాలి. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు షాపులో ఉన్న సరుకు తొందరగా ఇలా అవుతుంది, కొనేటప్పుడే కాస్త పిండి చూడండి.

స్టెరాయిడ్ వద్దనుకునేవాళ్లకి దారులున్నాయి. అజెలాయిక్ యాసిడ్ 10 నుంచి 20 శాతం నిదానంగా పనిచేస్తుంది, గర్భిణులకి కూడా డాక్టర్లు రాస్తారు. నియాసినమైడ్ 4, 5 శాతం క్రీములు మచ్చని కొంత తగ్గిస్తాయి. మామూలు కిరాణా షాపు ఫెయిర్‌నెస్ క్రీముల్లో ముఖ్యమైన సరుకు కూడా చాలావరకు ఇదే, కొంత సన్‌స్క్రీన్ కలిపి. హాని తక్కువ, ఫలితమూ తక్కువే. దేనికైనా 8 నుంచి 12 వారాలు పట్టాల్సిందే. వారంలో తేల్చేస్తామన్నది ఏదైనా సరే అందులో స్టెరాయిడో పాదరసమో ఉందేమో చూడాలి. గ్లూటాథయోన్ ఇంజెక్షన్లు రంగు కోసం ఎక్కించుకోవద్దు. ఆ పనికి వాటికి మన దేశంలో అనుమతి లేదు.

ఇంట్లో పన్నెండు పదమూడేళ్ల ఆడపిల్ల ఉంటే ఆమె అల్మారాలో ట్యూబు ఏదైనా ఉందేమో తిట్టకుండా అడగండి. ఆ వయసు చర్మం ఇంకా పలచన. "నల్లగా ఉన్నా కళగలది" అని మెచ్చుకునే అలవాటు కూడా మానాలి. ఆ "ఉన్నా" అన్నది పిల్లకి మిగతా మాటలకంటే గట్టిగా వినిపిస్తుంది.

చీటీ లేకుండా స్టెరాయిడ్ అమ్మిన షాపు మీద జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. బిల్లు, ట్యూబు రెండు వైపుల ఫోటో, బ్యాచ్ నంబరు, కొన్న తేదీ ఉంటే చాలు. బిల్లు ఇవ్వడానికి షాపువాళ్లు వెనకాడితే ఆ ట్యూబు అక్కడే కౌంటరు మీద పెట్టి వచ్చెయ్యండి.